రెండు వేళ్ళ పెడల్

నవంబర్ 3, సోమవారం

ఈ పుస్తకంలో జమాఖర్చులు తప్ప వేరే రాసే అలవాటు లేదు. ఇవాళ ఖర్చు లేదు. జమ అంతకన్నా లేదు. జరిగింది రాస్తున్నాను.

అక్క పిలిపించింది. బావ కారుకు బ్రేకులు చూడమంది. ఈ నెల ఇరవై మూడున పాతకార్ల క్లబ్బు వాళ్ళు కొండెక్కి దిగుతారు. ఏటా అందరికన్నా ముందు నడిచేది బావ కారే. ఆయన మంచాన పడ్డ రెండేళ్ళూ అది వెళ్ళలేదు. ఆయన పోయి ఎనిమిది నెలలు. ఈసారి తను నడుపుతానంటోంది. ఒక్కతే, అందరికన్నా ముందు. క్లబ్బు సెక్రటరీ ఒప్పుకున్నాడా అని అడిగాను. ఒప్పుకోక ఏం చేస్తాడు, మీ బావ కారు లేకపోతే అది ఊరేగింపు కాదు, పాతసామాన్ల సంత, అంది.

అక్కకు అరవై ఎనిమిది. తన చిన్న కారు ఎప్పటినుంచో నడుపుతోంది, చేతకాకపోవడం కాదు. కానీ ఆ కొండ దారిలో కొత్త కార్ల వాళ్ళే చెమటలు తుడుచుకుంటూ దిగుతారు.

ఒక షరతు పెట్టింది. దుమ్ము దులుపు, గ్రీజు పెట్టు, ఏమైనా చెయ్యి, మీ బావ బిగించిన నట్టు మాత్రం ఒక్కటీ కదిలించకు, అంది. విప్పకుండా బ్రేకు ఎలా చూస్తారు? అడగబోయాను, అడగలేదు. నీ నోటికి హ్యాండ్‌బ్రేకు ఎవరు వేశారురా, ఇంత వయసొచ్చినా విడవదు, అంది.

బావ ఆ కారును ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు. నన్నూ అంతే, అక్కనూ అంతే. నాకు వచ్చిన పనంతా సొంతంగా విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నది. అక్కకు ఆ షెడ్డులో ఉన్న ఒకే ఉద్యోగం టార్చి పట్టుకోవడం.

నవంబర్ 4, మంగళవారం

 

పొద్దున షెడ్డులో పెడల్‌ను చేత్తో నొక్కి చూశాను. రెండు వేళ్ళ మందం దిగింది, ఆపైన రాయి. ఎవరు చూసినా బ్రేకులు భేషుగ్గా ఉన్నాయంటారు. నేనూ అనుకున్నాను. వీధి పల్లంలో మెల్లగా దింపాను. కింద మలుపు దగ్గర తొక్కాను. పెడల్ రెండు వేళ్ళు దిగి ఆగింది. కారు ఆగలేదు.

రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. సీటులోంచి లేచి నిలబడ్డంత పని చేశాను. హ్యాండ్‌బ్రేకు లాగాను. ఎదురుగా ఒక పాల వ్యాను వెనక్కి వస్తోంది. స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పి టైరును రోడ్డు అంచు రాళ్ళకు ఒరిపించాను. వ్యానుకూ నాకూ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా మిగిలింది. వ్యాన్ డ్రైవర్ దిగి కారు చుట్టూ తిరిగాడు. పెద్దాయనా, దీన్ని చూడ్డానికి టికెట్టు పెట్టాలి గానీ రోడ్డు మీదకు తేకూడదు, అన్నాడు.

ఫస్ట్ గేరులో పైకి తెచ్చాను. అక్కతో అనాల్సిన మాటలు దారంతా కూర్చుకున్నాను. ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. పెడల్ ఎలా ఉందిరా అంది. గట్టిగా ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె మొహం విప్పారింది. రెండు వేళ్ళు కదూ, మీ బావ ఎప్పుడూ రెండు వేళ్ళే ఉంచేవాడు, అంది.

కూర్చుకున్న మాటలన్నీ మింగేశాను.

నవంబర్ 5, బుధవారం

అక్క బజారుకు వెళ్ళినప్పుడు కారులో కాళ్ళ కింది పలక ఎత్తి చూశాను.

ఈ కారులో బ్రేక్ ఆయిల్ ఉండదు. అంతా ఇనుమే. పెడల్ తొక్కితే కింద అడ్డంగా ఉన్న షాఫ్టు తిరుగుతుంది. దాన్నుంచి నాలుగు చక్రాలకు నాలుగు రాడ్లు. రాడ్డు చక్రం దగ్గరి లివరును లాగుతుంది. లివరు, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములో ఉన్న క్యామ్‌ను తిప్పుతుంది. క్యామ్ తిరిగితే రెండు షూలు విచ్చుకుని డ్రమ్మును లోపల్నుంచి పట్టుకుంటాయి. షూ మీద లైనింగ్ అరిగేకొద్దీ పెడల్ లోతుగా దిగుతుంది. అప్పుడు చక్రం వెనకున్న అడ్జస్టర్‌ను బిగించాలి. రాడ్డు పొడవు మాత్రం మార్చకూడదు. మారిస్తే పెడల్ వెంటనే పైకొస్తుంది, కాలికి బాగుంటుంది. కానీ లివరు ముందే సగం తిరిగిపోయి ఉంటుంది, ఇక లాగినా పట్టు ఉండదు. తలుపును కీలు పక్కన తోసినట్టు. ఎంత బలం పెడితే అంత గట్టిగా అనిపిస్తుంది, తలుపు కదలదు.

నాలుగు రాడ్లనూ తిప్పేసి ఉన్నారు. నట్టు తిరిగే మరలు చివరంటా అయిపోయాయి. పైగా ప్రతి నట్టు మీదా ఎర్రగా గుర్తు. కదిలించవద్దని బావ రంగు పెట్టేవాడు, అది నాకు తెలుసు.

నాకు అర్థం కానిది అదే. ఒకసారి క్లబ్బులో సెక్రటరీ తన కారు రాడ్డు బిగిస్తుంటే బావ అతని చేతిలో పానా లాక్కున్నాడు. రాడ్డు తిప్పేవాడు మెకానిక్ కాదు, హంతకుడు అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అంత మాట అన్న మనిషి తన కారుకు తనే ఈ పని చేశాడా? ఇనుము దగ్గర నిజాయితీ లేనివాడు ఇంకెక్కడ ఉంటాడు? పోయిన మనిషి మీద ఇంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.

ఒక నట్టు మీది రంగును గోటితో గీకాను. పెచ్చు ఊడి గోటి కిందికి పోయింది.

అక్కకు ఇది ఎలా చెప్పను? చెప్పకపోతే ఎలా? రెండూ తోచక మూడో పని చేశాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలి రోటర్‌ను జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ఇంజన్ పలకదు. చెప్పే ధైర్యం వచ్చేదాకా కారు షెడ్డు దాటదు.

నవంబర్ 6, గురువారం

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. కారు మొరాయించింది, వచ్చి చూడమంది. చూద్దాంలే అన్నాను.

నవంబర్ 7, శుక్రవారం

భోజనం దగ్గర మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసింది. ఈ వయసులో గోళ్ళ రంగు ఎవరికి వేసి వచ్చారండీ అంది. బావ కారు నట్టు మీది పెయింటు అన్నాను. పెయింటుకూ గోళ్ళ రంగుకూ తేడా తెలియకుండా ఇన్నాళ్ళు కాపురం చేస్తున్నానా అంది. సూదితో ఆ పెచ్చును తీసి వెలుగులో పెట్టింది. ఉల్లిపొరల్లా ఉంది. ఒక పొర మీద ఇంకో పొర, ఎన్నో. రంగు తుడిచే మందు చుక్క వేసింది. కరిగిపోయింది. అట్టడుగున ఒక పొర మాత్రం కరగలేదు. అది బావ పెట్టిన పెయింటు.

ఇది వదినగారి రంగే, అంది మా ఆవిడ. పదేళ్ళుగా ఆవిడ ఇదొక్కటే వేసుకుంటుంది, ఏ పెళ్ళికైనా ఇదే.

అన్నం కలుపుతూ ఆగిపోయాను. అన్ని పొరలంటే అన్నిసార్లు బిగించి, అన్నిసార్లు గుర్తు పెట్టిందన్న మాట. బావ కాదు. అక్క.

ఇప్పుడే వెళ్ళి మాట్లాడండి అంది మా ఆవిడ. రేపు పొద్దున వెళ్తానన్నాను. మీ రేపు ఎప్పుడూ ఎల్లుండే అంది.

నవంబర్ 8, శనివారం, ఉదయం ఏడు

వెళ్తున్నాను. మొదటి వాక్యం ఇది: అక్కా, కారు ఆగదు. మిగతావి దాని వెనక వస్తాయి.

అదే రోజు, సాయంత్రం

షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల కారు లేదు. గట్టు మీద బావ రేకు డబ్బా మూత తీసి ఉంది. డబ్బాలో గుడ్డలో చుట్టిన విడిభాగాలు. ఒక గుడ్డ విప్పి ఖాళీగా పడుంది. చూడగానే తెలిసింది. బావ ప్రతిదానికీ ఇంకొకటి దాచేవాడు. రోటర్‌కు కూడా.

టార్చి పట్టుకున్న అక్కకు అది ఎక్కడ బిగించాలో తెలుసు. నా జేబులోది చేతికి తగిలింది.

పల్లంలో పరిగెత్తాను. నేను పరిగెత్తి ఎన్నేళ్ళయిందో. చెవులు వింటున్నది ఒక్క చప్పుడు కోసం. అది వినపడకూడదని కూడా అవే చెవులు కోరుకుంటున్నాయి. మలుపు దగ్గర జనం కనపడ్డారు. కొత్త ఇల్లు కడుతున్న కూలీలు. వాళ్ళ మధ్య నుంచి కారు వెనక భాగం.

ముందు చక్రాలు సగానికి కంకర కుప్పలో దిగిపోయాయి. ఒక లైటు పగిలింది. అక్క సీటులోనే ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. నుదుటి మీద చిన్న బొప్పి. నన్ను చూసి, పెడల్ రాయిలా ఉందిరా, కారు మాత్రం కాగితంలా పోయింది, అంది. కంకర కనపడింది కాబట్టి అటు తిప్పానంది. పక్క సందులో ఎవరో పిల్లను బడికి తీసుకెళ్తున్నారట. ఆ మాట రెండుసార్లు చెప్పింది.

కూలీలు మంచినీళ్ళిచ్చి పనిలోకి పోయారు. నేను పక్క సీటులో కూర్చున్నాను. జేబులోంచి రోటర్ తీసి ఆమె ముందు పెట్టాను. దాన్ని చూసింది. దొంగతనం చేసే ధైర్యం ఉంది గానీ నోరు తెరిచే ధైర్యం లేదా నీకు, అంది. గట్టిగా కూడా అనలేదు.

కారు ఆగదని మంగళవారమే తెలుసక్కా, అన్నాను.  ఎందుకు ఆగదో చెప్పాను. రాడ్ల సంగతి, లివర్ల సంగతి, తలుపు కీలు సంగతి. నేను అంతసేపు మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. చివర్లో, ఆ రంగు నీదే కదా అన్నాను.

కంకర కుప్ప వైపు చూస్తూ చెప్పింది. బావ మంచాన పడ్డాక ప్రతి శుక్రవారం తనే కారు తీసి, పల్లం దిగకుండా పైన వీధి చివరిదాకా మెల్లగా తిప్పి తెచ్చేదట. ఆయన కిటికీలోంచి ఇంజన్ చప్పుడు వినేవాడు. లోపలికి రాగానే అడిగే మొదటి ప్రశ్న: పెడల్ ఎంత దిగింది? రెండు వేళ్ళు అనేది. ఆయన కళ్ళు మూసుకునేవాడు. ఒక శుక్రవారం మూడు వేళ్ళు దిగింది. ఆ మాట ఆయనతో చెప్పలేకపోయింది. లేచి వస్తానంటాడు, లేవలేడు. పూర్వం తను టార్చి పట్టుకున్నప్పుడు ఆయన పలక ఎత్తి, ఎర్రగుర్తు ఉన్న ఆ నట్లు చూపించి, దీని ప్రాణమంతా ఇక్కడుంది అన్నాడట. గుర్తు ఉన్నచోట చెయ్యి పెట్టాలి కాబోలు అనుకుంది. పలక ఎత్తింది. బిగించింది. పెడల్ రెండు వేళ్ళకు వచ్చింది. చెదిరిన గుర్తు మళ్ళీ పెట్టింది. ఇంట్లో ఉన్న ఎరుపు అదొక్కటే. ఆ తర్వాత ఎప్పుడు కిందికి దిగితే అప్పుడు అలాగే చేసింది.

చెయ్యి పెట్టవద్దన్న గుర్తును చెయ్యి పెట్టమన్న గుర్తనుకుంది.

ఆయనకు రెండేళ్ళు అబద్ధం చెప్పానా నేను, అని అడిగింది.

ఏం చెప్పాలో ముందుగా కూర్చుకోలేదు. పెడల్ మట్టుకు నిజమే అక్కా, అన్నాను.

స్టీరింగ్ మీంచి చేతులు అప్పుడు తీసింది.

నవంబర్ 9, ఆదివారం

రాడ్డు తిప్పేవాడి గురించి బావ సెక్రటరీతో అన్న మాట అక్కకు చెప్పలేదు. చెప్పను. కొన్నిటికి హ్యాండ్‌బ్రేకు ఉండాలి.

నవంబర్ 11, మంగళవారం

కారును తాడు కట్టి పైకి తెచ్చాం. నాలుగు డ్రమ్ములూ లాగాను. లైనింగ్ లేదు. రివెట్లే డ్రమ్మును గీరుతున్నాయి. క్యామ్‌లు పూర్తిగా తిరిగి నిలబడిపోయి ఉన్నాయి. అక్క చూస్తానంది. వద్దనలేదు. డ్రమ్ములో పడ్డ చారల్లో వేలు పెట్టి, ఇంత లోతా, అంది.

సెక్రటరీ ఫోన్ చేశాడు. కంకర సంగతి అతని దాకా పోయింది. కారు బాగైతే తనే నడుపుతానన్నాడు, వదినగారు వెనక సీటులో కూర్చోవచ్చట. అక్క ఏం చెప్పిందో తెలియదు. ఫోన్ పెట్టేశాక, వెనక సీటులో కూర్చోబెట్టి దండ కూడా వేస్తాడేమో, అంది. కానీ తను నడుపుతానని మాత్రం అనలేదు. పెడల్ వైపు చూడటం లేదు. కారు ఎక్కడం లేదు.

నవంబర్ 13, గురువారం

అడ్జస్టర్లు తుప్పుతో రాయి అయిపోయాయి. అక్కకు వాటి సంగతి తెలిసినా తిప్పగలిగేది కాదు. రెండు రోజులుగా కిరసనాయిలు పోస్తున్నాను. మూడు వదిలాయి. నాలుగోది ముందు కుడి చక్రానిది. విరిగితే ఈ కారుకు ఇంకొకటి దొరకదు, బావ డబ్బాలోనూ లేదు, చూశాను. మంటతో కాల్చి, పానా వేసి, ఊపిరి బిగపట్టి తిప్పాను. టక్కుమంది. విరిగిందనే అనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పానా పక్కకు తిరిగి ఉంది.

నవంబర్ 15, శనివారం

లేత్ షాపు ముసలాయన డ్రమ్ముల లోపల సాపు చేసి ఇచ్చాడు. ఇంకో కోత కోస్తే ఇది డ్రమ్ము కాదయ్యా, కడియం, అన్నాడు.

లైనింగ్, రాగి రివెట్లు, స్ప్రింగులు కొన్నాను. పద్దు రాశాను. ఎవరి పేరా రాయలేదు.

నవంబర్ 16, ఆదివారం

లైనింగ్ మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకు రివెట్లు కొట్టాను. చివరల నుంచి మొదలుపెడితే మధ్యలో పొంగుతుంది. తర్వాత డ్రమ్ము లోపల సుద్ద రాసి షూను తిప్పి చూడటం, సుద్ద అంటిన చోట ఆకురాయితో గీయడం, మళ్ళీ సుద్ద, మళ్ళీ గీయడం. లైనింగ్ నిండా తెల్లగా అంటేదాకా ఇదే పని.

మధ్యాహ్నం నుంచి సుద్ద రాసే పని అక్క తీసుకుంది. అడగలేదు, వచ్చి పీట వేసుకుంది. ఒక షూ దగ్గర చాలనుకున్నాను. ఇదిగో ఇక్కడ అంటలేదు, చూడు, అంది. ఆమె మాటే నిజం.

నవంబర్ 18, మంగళవారం

ఒక్కణ్ణే వీధిలో దింపాను. అదే పల్లం, అదే మలుపు. తొక్కాను. ఆగింది. కానీ ఆగుతూ ఎడమకు ఒక్క గుంజు గుంజింది. స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నంత పని. వీధి కాబట్టి సరిపోయింది. కొండ దారిలో ఎడమ అంటే లోయ, ఒట్టి గాలి.

ఇంకా అయిదు రోజులు. కారణం తెలియదు. 

నవంబర్ 19, బుధవారం

తెలిసింది. ముందు కుడి చక్రం హబ్బులో గ్రీజు కూరింది నేనే, కూరాల్సిన దానికన్నా ఎక్కువ. వేడికి కరిగి కొత్త లైనింగ్ మీదికి వచ్చింది. కుడి జారుతోంది, ఎడమ పట్టుకుంటోంది, కారు ఎడమకు పోతోంది. గ్రీజు తాగిన లైనింగ్‌ను కడిగి లాభం లేదు. ఆ జత తీసి పారేశాను. మళ్ళీ రివెట్లు, మళ్ళీ సుద్ద.

ఈసారి మింగలేదు. అక్కతో ఉన్నదున్నట్టు చెప్పాను: తప్పు నాది, నిన్న కొండ మీద ఉండుంటే పోయేవాళ్ళం. ఆమె సుద్ద రాస్తూనే, అమ్మయ్య, ఈ షెడ్డులో నేనొక్కదాన్నే కాదన్న మాట, అంది.

నవంబర్ 21, శుక్రవారం

వీధిలో మళ్ళీ చూశాను. స్టీరింగ్ వదిలేసి తొక్కాను. నిటారుగా ఆగింది. అదే చోట మరో రెండుసార్లు ఆపి చూశాను.

సెక్రటరీ వచ్చాడు. ఎవరు నడుపుతారో ఇవాళే తేల్చమన్నాడు. అక్క నేల చూసింది. ఆమె తరఫున ఎప్పుడూ ఆమే మాట్లాడుతుంది, నా తరఫున కూడా ఆమే మాట్లాడుతుంది. ఇవాళ ఆ చోటు ఖాళీగా ఉంది. అక్క నడుపుతుంది, పక్కన నేను కూర్చుంటాను, అన్నాను. సెక్రటరీ నన్ను చూసి, మీకు మాటలొచ్చా, అన్నాడు. ఏదైనా జరిగితే, అన్నాడు. జరిగితే ఇద్దరికీ జరుగుతుంది, అన్నాను.

అతను వెళ్ళాక అక్క, నాకు భయంగా ఉందిరా, అంది. నాకూ, అన్నాను.

నవంబర్ 22, శనివారం

నాలుగు చక్రాలూ నేల వదిలేలా కారును దిమ్మెల మీదికి ఎత్తాను. అక్కను డ్రైవర్ సీటులో కూర్చోమన్నాను. కంకర కుప్ప తర్వాత ఆమె ఎక్కడం ఇదే. నేను చక్రం చక్రానికీ తిరుగుతూ చేత్తో తిప్పి చూశాను. ఇవాళ మాట్లాడినంత ఈ ఏడాదిలో మాట్లాడి ఉండను. తొక్కు, కొంచెం, ఇంకొంచెం, అక్కడే ఉంచు, వదులు, మళ్ళీ. మొదట వెనక చక్రాలు పట్టాలి, వాటి వెంటనే ముందువి. కుడికీ ఎడమకూ చేతికి ఒకే బిగువు తగలాలి. తగిలింది.

చివరగా రాడ్లు. అడుగున మిగిలిన బావ పెయింటు దగ్గరికి నట్లను వెనక్కి తెచ్చాను. మరల మీద ఆయన ఆకురాయితో గీసిన సన్నని గీత కూడా కనపడింది. రాడ్డును లివరుకు కలిపే సీల దానంతట అది రంధ్రంలోకి జారాలి. లాగి దూర్చితే పొడవు తప్పని అర్థం. నాలుగు సీలలూ జారాయి. నాలుగోది జారిన చప్పుడు సీటులో ఉన్న అక్కకు కూడా వినపడింది.

గుర్తు పెట్టడానికి నా దగ్గర ఎర్ర పెయింటు ఉంది. బయటికి తియ్యలేదు. నీ సీసా తెచ్చుకో, అన్నాను. అక్క పలక పక్కన బోర్లా పడుకుని ఒక్కో నట్టుకూ ఒక్కో గీత పెట్టింది. ముట్టుకోవద్దని కదా దీని అర్థం, అంది. అవునన్నాను.

టార్చి నేను పట్టుకున్నాను.

నవంబర్ 23, ఆదివారం

దిగాం.

పెద్ద మలుపులో, వెనక కార్లన్నీ ఉండగా, ఎంత దిగింది అని అడిగాను. రెండు వేళ్ళు, అంది, దారి మీంచి కళ్ళు తియ్యకుండా.

కింద ఆగాక, పట్టు సమంగా పడిందా అని నాలుగు డ్రమ్ములూ అరచేత్తో తాకి చూశాను. నాలుగూ ఒకే వెచ్చదనం.